వంతులవారీ స్నేహితులు

షీటాన్, హునాన్
ఫిబ్రవరి, లాంతర్ల పండుగ మర్నాడు

మార్లిస్ చెల్లీ,

నీ కొత్త సంవత్సరం ఉత్తరం అందింది. ఎప్పటిలాగే ఎర్ర సిరాతో తప్పులు దిద్ది, దీంతో పాటే తిప్పి పంపుతున్నాను. నలభై ఏళ్లు కావస్తోంది నువ్వు మా భాష రాయబట్టి. పాతికేళ్లుగా అక్కడి పిల్లలకు నేర్పుతున్నావు కూడా. అయినా ‘ఇల్లు’ అనే అక్షరానికి పైకప్పు మీద చుక్క పెట్టడం మరిచిపోతూనే ఉన్నావు. ఫోనులో రాసుకోవచ్చు కదా అని మా కోడలు అంటుంది. ఫోనులో ఎర్ర సిరా ఉండదమ్మా అన్నాను.

ఇక అసలు సంగతి. నాకు ఒక అమెరికన్ కావాలి.

నవ్వకు. పైనుంచి మాట వచ్చింది. అమెరికా విద్యార్థులు మన విశ్వవిద్యాలయాలకు రావాలి, వాళ్లను ప్రోత్సహించాలి అని. రాజధానిలో పుట్టినప్పుడు అది వట్టి మాటే. మా రాష్ట్రం చేరేసరికి లక్ష్యం అయింది, షీటాన్ చేరేసరికి తనిఖీ అయింది. డిసెంబరులో బృందం వస్తోంది.

మా వైస్ ప్రెసిడెంట్ హో గారు నన్ను పిలిచి, “కువాంగ్ గారూ, మన దగ్గర అమెరికన్లు ఎంతమంది?” అని అడిగారు. “లావోస్ పిల్లలున్నారు, నేపాల్ వాళ్లున్నారు, యెమెన్ నుంచి ఇద్దరున్నారు. అందరూ బాగా చదువుతారండీ” అన్నాను. “వాళ్లు ఉన్నారులెండి” అన్నారాయన, వంటింట్లో ఉప్పుందని చెబితే అన్నట్టు. “అమెరికన్ ఎవరైనా?” ఎవరూ లేరు.

తనిఖీనాటికి ఒక్క అమెరికన్ అయినా లేకపోతే మా విదేశీ విద్యార్థుల ఆఫీసును హాస్టళ్ల మరమ్మతుల శాఖలో కలిపేస్తారట. ఒక బల్ల, ఒక వేడినీళ్ల ఫ్లాస్కుతో నేను మొదలుపెట్టిన ఆఫీసు అది. వచ్చే ఏడాది జూన్‌లో రిటైరవుతాను. కుళాయిలు బాగుచేసే శాఖ నుంచి రిటైర్ కావడం నాకు ఇష్టం లేదు.

పదిమంది అక్కర్లేదు. ఒక్కణ్ణి పంపు. ఆరోగ్యంగా ఉంటే చాలు, తెలివితేటలు మేం చూసుకుంటాం.

నీ అక్క
కువాంగ్ సూజెన్


హాల్వర్, మిన్నెసోటా
మార్చి, ఇంకా మోకాలి లోతు మంచు

కువాంగ్ అక్కా,

చుక్క పెట్టాను చూడు. లెక్కపెట్టుకో.

నీకు ఒక అమెరికన్ కావాలి, నాకూ అంతే. మా డీన్ గారు పోయిన వారం నా చైనీసు తరగతి మీద దయగా మాట్లాడారు. ఇక్కడ ఎవరైనా దయగా మాట్లాడితే ఆ పని అయిపోయిందని అర్థం. ఈ ఏడు మా కాలేజీ నుంచి ఒక్కరు కూడా చైనాకు వెళ్లకపోతే ఆ తరగతి గదిని యోగాకు ఇస్తారట. కాబట్టి నీ మీద జాలితో చేశాననుకోకు, నా తిప్పలు నావి.

సభ పెట్టాం. ఉచిత పిజ్జా అని పోస్టరు వేశాం. పోస్టరు మీద పాండా ఉండాలని డీన్ గారు పట్టుబట్టారు. మీ హునాన్‌లో పాండాలు లేవని చెబితే, “ఒకటి తెప్పించలేరా?” అన్నారు. ముందు వరస ఖాళీగా ఉంటే బాగుండదని ఇద్దరు పిల్లలకు గంటల చొప్పున డబ్బిచ్చి ఆసక్తిగా కూర్చోబెట్టాం. వాళ్లకు ‘విద్యార్థి రాయబారులు’ అని పేరు. వాళ్లు చైనా వెళ్లలేదు, వెళ్లరు కూడా. ఇటలీ వెళ్తున్నారు.

నేను మీ నది గురించి, చేపల కూర గురించి చెప్పాను. ఒక అమ్మాయి చెయ్యెత్తి, “అక్కడి నుంచి మా ఫోటోలు మామూలుగా పెట్టుకోవచ్చా?” అని అడిగింది. కొంచెం కష్టం అన్నాను. “మరి వెళ్లినట్టు ఎవరికి తెలుస్తుంది?” అంది. తర్వాత మా ప్రమాదాల అధికారి లేచి, చైనాలో జరగగల అనర్థాలన్నీ తెర మీద చూపించాడు. అందులో సగం మా ఊళ్లోనే జరుగుతాయి. సభ ముగిసేసరికి పిజ్జా అయిపోయింది, జనమూ అయిపోయారు.

ఒకడు మిగిలాడు. ఎవరూ అడక్కుండానే కుర్చీలు మడిచి గోడకు చేరుస్తున్నాడు. పేరు ఓరిన్ స్కార్. నా తరగతిలో ఏడాదిగా వెనక వరసలో ఉన్నాడు, నోరు విప్పింది తక్కువ. “అక్కడ పొద్దున్నే జనం లేస్తారా?” అని అడిగాడు. కోడికంటే ముందే లేస్తారన్నాను. “అయితే వెళ్తాను” అన్నాడు.

అంతే అక్కా. ఇంకే ప్రోత్సాహమూ అక్కర్లేకపోయింది.

మార్లిస్


షీటాన్, హునాన్
మే

చెల్లీ,

నీ ఉత్తరం హో గారికి చదివి వినిపించాను. రాయబారుల సంగతి దాటేశాను, నీ పరువు పోతుందని. ఆయన లేచి నిలబడి కిటికీ దాకా వెళ్లి వచ్చారు. ఆ వెంటనే ఓరిన్ స్వాగత కమిటీ ఏర్పడింది. దానికి ఉపకమిటీ కూడా పుట్టింది.

వాళ్లకు ఈ వివరాలు కావాలి: కుర్రాడి పొడవెంత (మంచం కోసం)? పాడతాడా? డ్రమ్ము వాయిస్తాడా? కుంగ్‌ఫూ అంటే ఇష్టమేనా? ఇష్టం లేకపోతే ఎప్పటికి ఇష్టపడగలడు? చివరిది హో గారి ప్రశ్న. పోస్టరు మీద పాండా ఉండాలని ఆయనా అన్నారు. మీ డీన్ గారినీ ఈయన్నీ ఒక గదిలో కూర్చోబెడితే ప్రపంచశాంతి కుదురుతుంది.

పిల్లాడికి తోడు లేదని నువ్వు దిగులు పడకు. స్నేహితులను సిద్ధం చేస్తున్నాను. ఇంగ్లీషు బాగా వచ్చిన వాళ్లను, నవ్వుమొహం ఉన్న వాళ్లను పన్నెండు మందిని ఎంపిక చేశాం. ఇంటర్వ్యూలు నేనే చూశాను. వెనక గేటు దగ్గర బియ్యం నూడుల్స్ దుకాణం వాళ్లమ్మాయి లూ దాన్‌యున్ కూడా వచ్చింది. అకౌంట్స్ చదువుతోంది. మంచి పిల్లే కానీ ఇంగ్లీషు రాదు. మా భాష కూడా అచ్చం షీటాన్ సంతలో మాట్లాడినట్టే మాట్లాడుతుంది. పద్ధతిగా మాట్లాడటం నేర్చుకోవే అని చెప్పి పంపేశాను.

సూజెన్


హాల్వర్, మిన్నెసోటా
ఆగస్టు

అక్కా,

వాడు రేపు బయల్దేరుతున్నాడు. ప్రమాదాల అధికారి ఓరిన్ చేత పెట్టించిన సంతకాలు చూస్తే పిల్లాడు చదువుకు వెళ్తున్నాడో యుద్ధానికి వెళ్తున్నాడో తెలియదు. వాళ్లమ్మ మాత్రం ఒక్క మాటే అడిగింది. “చలికాలం ఇంట్లో వెచ్చగా ఉంటుందా?” ఉండదని నిజమే చెప్పాను. మీ గోడల చలి నా ఎముకల్లో ఇంకా ఉంది. ఆవిడ ఉన్ని బనీన్లు సర్దింది.

ఒక సంగతి చెప్పాలి, కమిటీలో చదవకు. వాళ్లది పాడి కుటుంబం. మూడు తరాలుగా ఆవులున్నాయి. గిట్టుబాటు కాక పోయిన వసంతంలో మందనంతా అమ్మేశారు. పాలు పితికే అలవాటుకు ఓరిన్‌కు చీకటి ఉండగానే మెలకువ వస్తుంది, లేచాక చేసే పని ఉండదు. ఖాళీ కొట్టంలోకి వెళ్లి నిలబడి వస్తుంటాడని వాళ్లమ్మ చెప్పింది. పొద్దున్నే జనం లేస్తారా అని వాడు ఎందుకడిగాడో నాకప్పుడు అర్థమైంది.

వాడికి డ్రమ్ము వద్దు. ఏదైనా చిన్న పని ఇవ్వు, కాస్త ఒంటరిగానూ ఉండనివ్వు.

మార్లిస్


షీటాన్, హునాన్
అక్టోబరు

మార్లిస్ చెల్లీ,

మీ ఓరిన్ మా ఊళ్లో పేరున్న మనిషి అయిపోయాడు. స్టేషన్‌లో ఎర్ర బ్యానర్ కట్టాం. వాడు దాని కిందినుంచి తల వంచి రావాల్సి వచ్చింది, పొడవు తప్పు రాసి పంపావు. ఆ రోజు నుంచి ఫోటోలే ఫోటోలు. హో గారితో, హో గారి భార్యతో, లైబ్రరీ మెట్ల మీద, కొత్త బాయిలర్ పక్కన. మరమ్మతుల శాఖ వాళ్లు కూడా వచ్చి ఫోటో దిగారు. ఏ శాఖ పిలిచినా కుడుములు చుట్టిస్తున్నారు, మన సంస్కృతి తెలియాలి కదా. పాపం, వాడు ఇప్పుడు మా కోడలికంటే బాగా చుడుతున్నాడు. తరగతులకు మాత్రం వీలు చిక్కడం లేదు.

స్నేహితులు వాణ్ణి ఒక్క క్షణం వదలడం లేదు. భోజనానికి ఇద్దరు, నడకకు ఇద్దరు, బాస్కెట్‌బాల్‌కు నలుగురు. వాడి ఎదురు గదిలో కాంఫెత్ అని లావోస్ అబ్బాయి ఉన్నాడు. ఒకసారి ఓరిన్ తలుపు తట్టబోతే మావాళ్లు, “ఇప్పుడు కాదులే, షెడ్యూలు ఉంది” అని పంపేశారట. కొంచెం దురుసుగా మాట్లాడారని చెప్పి మందలించాను.

ఒక్కటే అర్థం కావడం లేదు. తెల్లవారకముందే ఓరిన్ గదిలో ఉండడు. మా కుర్రాళ్లు లేచేసరికి తిరిగి వచ్చి మంచం మీద కూర్చుని ఉంటాడు, ఒంటి మీద మిరపకాయల వాసనతో. అడిగితే నవ్వుతాడు.

సూజెన్


హాల్వర్, మిన్నెసోటా
అక్టోబరు చివర

అక్కా,

వాడి దగ్గర్నుంచి నాకు ఇమెయిల్ వచ్చింది. నాలుగంటే నాలుగే వాక్యాలు. చివరిది నీకు రాస్తున్నాను: “మేడమ్, నాకు ఇంతమంది స్నేహితులు ఎప్పుడూ లేరు.” అది చదివి నేను ఆఫీసు తలుపు వేసుకుని కాసేపు కూర్చున్నాను. కళ్లు తడిశాయి, చెప్పుకోవడానికి సిగ్గేం లేదు.

మా డీన్ గారు బాయిలర్ ఫోటోను కాలేజీ పుస్తకం అట్ట మీద వేశారు. కింద ‘ప్రపంచమే మన తరగతి గది’ అని రాయించారు.

ఒక్క అనుమానం. వాడితో ఎవరైనా చైనీసు మాట్లాడుతున్నారా? ఫోనులో రెండు మాటలు అనమంటే అన్నాడు. నాకు సగం అర్థం కాలేదు. నా చెవి ముసలిదైపోయిందా, లేక వాడు ఏదైనా కొత్త చోట నేర్చుకుంటున్నాడా?

మార్లిస్


షీటాన్, హునాన్
నవంబరు

ప్రియమైన మార్లిస్ గారికి,

మీరు, మీ కళాశాల క్షేమమని తలుస్తాను. విద్యార్థి ఓరిన్ స్కార్ చదువు, వసతి, భోజనం సజావుగా సాగుతున్నాయి. ఈమధ్య వాతావరణం పడక కాస్త నలతగా ఉన్నాడు, విశ్రాంతి తీసుకుంటున్నాడు. క్రిస్మస్‌కు ఇంటికి వెళ్తానంటున్నాడు. తనిఖీ డిసెంబరు ఆఖరుకు వాయిదా పడింది కాబట్టి, జనవరి వరకు ఆగమని మీరు ఒక మాట రాస్తే ఇరు సంస్థల స్నేహానికి మేలు జరుగుతుంది.

భవదీయురాలు
కువాంగ్ సూజెన్
విదేశీ విద్యార్థుల ఆఫీసు


హాల్వర్, మిన్నెసోటా
నవంబరు

కువాంగ్ సూజెన్,

నన్ను గారు అన్నావంటే ఏదో కాలింది. ఏం కాలిందో ఓరిన్ నాకు ఫోన్ చేసి చెప్పాడు.

బాస్కెట్‌బాల్ కోర్టు పక్కన కూర్చున్నారట. నీ పన్నెండు మందిలో ఒయాంగ్ అనే కుర్రాడు లేచి, తర్వాత వచ్చినవాడితో వీడి ఎదురుగానే అన్నాడట: “ఇదిగో, నీకు అప్పగించాను. భోజనం దాకా వీణ్ణి నవ్విస్తూ ఉండు. నా ఈ నెల పాయింట్లు అయిపోయాయి, వెళ్లి పడుకుంటా.” వీడికి చైనీసు రాదని వాళ్ల ధీమా. ఎందుకు రాకూడదు? రోజూ చీకటి ఉండగానే వెనక గేటు దుకాణానికి వెళ్లి, ఆ లూ పిల్ల దగ్గర గిన్నెలు మోస్తూ, ఊళ్లో మాట్లాడినట్టే మాట్లాడటం నేర్చుకున్నాడు. నువ్వు వద్దని పంపేసిన పిల్లే వాడికి భాష చెప్పింది.

“మేడమ్, నాతో ఉన్నందుకు వాళ్లకు పాయింట్లు ఇస్తారట” అన్నాడు. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. “మా ఆవులకైనా నేనంటే నిజంగా ఇష్టం ఉండేది” అన్నాడు.

వాణ్ణి ఆగమని నేను రాయను. నీ ఆఫీసు పోయినా, నా తరగతి పోయినా రాయను. టికెట్ వాడి చేతిలోనే ఉంది.

నిన్ను ఒకటి అడుగుతాను. ఆ ఏడు, ఇరవై ఏళ్ల వయసులో నేను మీ దగ్గర చదవడానికి వచ్చినప్పుడు, నాతో హాస్టల్ గదిలో ఉండటానికి నిన్ను నువ్వే ఎంచుకున్నావా, లేక నువ్వూ డ్యూటీ మీదే వచ్చావా? నలభై ఏళ్లుగా అడగలేదు. అవసరం లేదనుకున్నాను.

మార్లిస్ ట్వెట్


షీటాన్, హునాన్
నవంబరు ముగుస్తోంది, కొరియర్లో పంపుతున్నాను

మార్లిస్,

నీ ఉత్తరంలో తప్పులు దిద్దలేదు. కోపంలో బాగానే రాస్తావు.

డ్యూటీ మీదే వచ్చాను. ఇంకేమనుకున్నావు? దీపం చుట్టూ తడి సాక్సులు ఆరేసి, అర్ధరాత్రి పళ్లు తోముకుంటూ పాటలు పాడే పిల్లను ఎవరైనా కోరి ఎంచుకుంటారా? డిపార్ట్‌మెంటు వాళ్లు పిలిచి, అమెరికన్ అమ్మాయి గదిలో ఉండు, బాగా చూసుకో, శుక్రవారం శుక్రవారం వచ్చి ఎలా ఉందో చెప్పు అన్నారు. సరేనన్నాను. నెలకో మాంసం రేషను టికెట్ ఎక్కువ ఇచ్చేవారు. అందులో సగం నువ్వే తిన్నావు, ఆ ఎర్రమిరపకాయల పందిమాంసం ఎక్కణ్ణుంచి వస్తోందని ఒక్కసారైనా అడిగావా? శుక్రవారాలు నేనేం చెప్పేదాన్నో తెలుసా? “బాగా నిద్రపోతుంది, సాక్సులు ఉతుకుతుంది.” రాసుకునేవాడికి కూడా విసుగొచ్చింది.

జూన్‌లో నువ్వు వెళ్లిపోయావు. డ్యూటీ అయిపోయింది, టికెట్ ఆగిపోయింది. జూలైలో నీకు మొదటి ఉత్తరం రాశాను. అది రాయమని నాకు ఎవరు చెప్పారు? మా అమ్మ పోయినప్పుడు నీకు రాశానే, దానికి ఎవరిచ్చారు పాయింట్లు? నీ మొగుడు నిన్ను వదిలేసిన చలికాలం నేను వారానికో ఉత్తరం రాశాను, తపాలా బిళ్లలు నా జీతంలోంచే కొన్నాను. ఇన్నేళ్ల తర్వాత ఇది అడుగుతావా? నాకు చాలా బాధ కలిగింది. కలిగింది కాబట్టి చెబుతున్నాను.

నీతులు చెప్పేముందు నీ ముందు వరస చూసుకో. గంటల చొప్పున డబ్బిచ్చి ఆసక్తిని కూర్చోబెట్టింది నువ్వు కాదా? నేను స్నేహాన్ని పాయింట్లకు కొంటే నువ్వు ఆసక్తిని డాలర్లకు కొన్నావు. ఇద్దరం ఒకే సంతలో వ్యాపారులం.

అయితే పిల్లాడి విషయంలో మాత్రం నువ్వన్నదే నిజం. డ్యూటీతో మొదలుపెట్టడం నాకు తెలుసు కానీ, అది స్నేహం కావడానికి మధ్యలో ఏం ఉండాలో మరిచిపోయాను. మన గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను, రోజంతా ఉన్నాను. వంతులు మారలేదు. విసుక్కున్నాను, పోట్లాడాను, నీ సాక్సులు కిటికీలోంచి విసిరేశాను. ఈ పన్నెండు మందికి వాడితో పోట్లాడే వీలు కూడా నేనివ్వలేదు.

రేపు పొద్దున డ్యూటీ ఎత్తేస్తున్నాను. హో గారికి చెప్పలేదు. తనిఖీకి నెల రోజులుంది. వాడు వెళ్లిపోతే నా ఆఫీసు పోతుంది, పోనీ.

సూజెన్


షీటాన్, హునాన్
జనవరి, మంచుతో కూడిన వాన

చెల్లీ,

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పన్నెండు మందినీ పిలిచి, “ఇక డ్యూటీ లేదు. ఏడాది పాయింట్లు మొత్తం వేసేశాను. వెళ్లండి” అన్నాను. ఒకమ్మాయి, “మేడమ్, మళ్లీ ఎప్పుడు రావాలి?” అని అడిగింది. నీకు రావాలనిపించినప్పుడు అన్నాను. అది ఏ రోజో అర్థం కాక నిలబడిపోయింది.

తర్వాత ఓరిన్ గదికి వెళ్లాను. “ఇది నా పనే. టికెట్ నీ దగ్గర ఉంది. ఉంటావో వెళ్తావో నీ ఇష్టం, నేను అడగను” అన్నాను. వాడు లేచి నాకు కుర్చీ తెచ్చి వేశాడు.

వారం రోజులు నా ప్రాణం కుదుటపడలేదు. వాడి గది ముందు వసారా ఊడ్చేసినట్టు ఖాళీ అయిపోయింది. వాడు క్యాంటీన్‌లో ఒంటరిగా తింటుంటే కిటికీలోంచి చూసి పక్కకు తప్పుకునేదాన్ని. ఒక సాయంత్రం కాంఫెత్ తలుపు తట్టాడు, ఈసారి ఆపేవాళ్లు లేరు. వాళ్ల గదిలో స్విచ్ కాలిపోయిందట, కేటిల్ పెట్టుకోనిస్తావా అని అడిగాడు. మా మరమ్మతుల శాఖ నిర్లక్ష్యం ఇన్నేళ్లలో మొదటిసారి ఒకరికి పనికొచ్చింది. నీళ్లు కాగేదాకా కూర్చున్నారు. ఇద్దరికీ కలిసిన భాష చైనీసే, అదే మాట్లాడుకున్నారు. మర్నాడు కాంఫెత్ కూడా నూడుల్స్ దుకాణానికి వెళ్లాడు.

పన్నెండు మందిలో ఒకడే వచ్చాడు, ఆ ఒయాంగ్. తెల్లవారుజామున దుకాణం ముందు తల దించుకుని నిలబడ్డాడట. లూ దాన్‌యున్ వాణ్ణి చూసి, “ఏంట్రా, ఇక్కడ పాయింట్లు ఇవ్వం. తింటే డబ్బులివ్వాలి” అంది. ఓరిన్ మాత్రం గిన్నెల దొంతర ఒకటి వాడి చేతుల్లో పెట్టాడు. అంతే. ఆ రోజు నుంచి నలుగురూ కలిసే కనిపిస్తారు. ఒయాంగ్ గిన్నెలు పగలగొడతాడు, దాన్‌యున్ తిడుతుంది. క్రిస్మస్ వచ్చింది, పోయింది. ఓరిన్ టికెట్ మార్చుకున్నాడు. ఎందుకని నేను అడగలేదు.

తనిఖీ రోజు. బృందం పెద్దాయన ఉత్తరాది మనిషి. బల్లకు ఒక పక్క వాళ్లు, ఇంకో పక్క హో గారు, నేను, మధ్యలో ఓరిన్. “విద్యార్థి చైనీసులో మాట్లాడితే వింటాం” అన్నారాయన. ఓరిన్ మాట్లాడాడు. చెల్లీ, అది చైనీసే. కానీ షీటాన్ సంత చైనీసు, మిరపకాయలతో నూరింది. పెద్దాయనకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నా వైపు తిరిగి, “కువాంగ్ గారూ, ఏమంటున్నాడు?” అని అడిగారు. అమెరికా అబ్బాయి చైనీసును చైనా వాళ్లకు నేను చైనీసులోకి మార్చి చెప్పాల్సి వచ్చింది.

“ఈ విశ్వవిద్యాలయంలో నీకు బాగా నచ్చింది ఏమిటి?” అన్నారు. “వెనక గేటు” అన్నాడు ఓరిన్. చెప్పాను. “స్నేహితులు ఉన్నారా?” “ముగ్గురున్నారు. మొదట పన్నెండు మంది ఉండేవాళ్లు. వాళ్లకు నన్ను నవ్వించడం డ్యూటీ. ఈ మేడమ్ ఆ డ్యూటీ తీసేసింది, ఇప్పుడే బాగుంది.”

హో గారు బల్ల కింద నా కాలు తొక్కారు. ఆయనకు షీటాన్ మాట అర్థమవుతుంది, ఇక్కడే పుట్టారు. పన్నెండు మంది సంగతి దాచి, స్నేహితులు చాలామంది ఉన్నారని చెప్పేస్తే సరిపోయేది. నా పక్కనే ఓరిన్ కూర్చున్నాడు, నేను ఏం చెబుతానో వినడానికి. ఈ పిల్లాడికి ఇప్పుడు మా భాష అర్థమవుతుంది కదా అనుకున్నాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాను, డ్యూటీతో సహా, నా పేరుతో సహా.

కాసేపు ఎవరూ టీ తాగలేదు. పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకుని, “నేను చాలా విశ్వవిద్యాలయాలు తిరిగాను. ప్రతిచోటా ఒక అమెరికన్ నాకు పాట పాడాడు. నాకు అర్థం కాకుండా మాట్లాడినవాడు ఇతనొక్కడే” అన్నారు. హో గారికి అది పొగడ్తో తిట్టో తెలియక మధ్యస్థంగా నవ్వారు.

మాకు మొదటి శ్రేణి ఇచ్చారు. ఆఫీసు నిలిచింది. నిన్న రాష్ట్రం నుంచి ఉత్తర్వు వచ్చింది. షీటాన్‌లో విజయవంతమైన ‘డ్యూటీ లేని స్నేహం’ పద్ధతిని అన్ని విశ్వవిద్యాలయాలూ తప్పనిసరిగా అమలు చేయాలట. ప్రతి అమెరికన్‌కూ డ్యూటీ లేని స్నేహితులను ముగ్గురిని కేటాయించి, నెలనెలా నివేదిక పంపాలట.

ఎలా ఉన్నావు? జవాబు రాయకుండా చాలా రోజులు గడిపేశావు.

సూజెన్


హాల్వర్, మిన్నెసోటా
ఫిబ్రవరి

అక్కా,

జవాబు రాయడానికి కూర్చున్న ప్రతిసారీ సిగ్గేసింది. ఆ మాంసం నాకు బాగా గుర్తుంది. ఎక్కణ్ణుంచి వస్తోందని అడగలేదు, అడిగితే ఆగిపోతుందేమోనని. నువ్వు శుక్రవారాలు ఎక్కడికి వెళ్తున్నావో కూడా నాకు రెండో నెల నుంచే తెలుసు. తెలిసి కూడా మొన్న అలా అడిగాను. పిల్లాడి బాధ చూసి తట్టుకోలేక నీ మీద పడ్డాను. క్షమించు.

మా వైపు కబురు కూడా విను. ఓరిన్ జూన్ దాకా ఉంటానని రాశాడు. చైనా వెళ్లేవారి సంఖ్య సున్నా నుంచి ఒకటికి పెరిగింది కాబట్టి ఎంత శాతం పెరిగినట్టని డీన్ గారు గణితం వాళ్లను అడిగారు. లెక్కకు అందదన్నారు వాళ్లు. ఆయన దాన్నే వార్షిక నివేదికలో ‘లెక్కకందని అభివృద్ధి’ అని రాశారు. నా తరగతి ఇంకో ఏడాది ఉంటుంది. యోగా వాళ్లు మంగళవారాలు మాత్రమే వస్తారు.

నూడుల్స్ దుకాణం ముందు నలుగురి ఫోటో పంపావు కదా, దాన్ని పోస్టరుకు తీసుకున్నారు. కాంఫెత్‌ను కత్తిరించారు. ఎందుకంటే ‘చూసేవాళ్లు అయోమయపడతారు’ అన్నారు. లావోస్ పిల్లలను మీ హో గారు వంటింటి ఉప్పులా తీసిపారేసినట్టే అన్నారు. ఈసారి నేను ఊరుకోలేదు. ఆ పిల్లాడు లేకపోతే పోస్టరూ లేదు, ఓరిన్ పేరూ వాడుకోవద్దు అన్నాను. కాంఫెత్ మళ్లీ వచ్చాడు, కేటిల్‌తో సహా. రాయబారులను కూడా మాన్పించాను. ఈ ఏడు సభలో ముందు వరస ఖాళీగా ఉంది. వెనక వరసలో ఇద్దరు కూర్చున్నారు, పిజ్జా లేకుండా.

నీ చెల్లి
మార్లిస్


షీటాన్, హునాన్
జూన్ చివర, వానలు

చెల్లీ,

నిన్న ఓరిన్‌ను రైలెక్కించాం. బ్యానర్ కట్టడానికి హో గారు ఒప్పుకోలేదు, డ్యూటీ లేని స్నేహంలో బ్యానర్ ఉండకూడదని ఉత్తర్వులో ఉందట. కాంఫెత్ పెట్టె మోశాడు. ఒయాంగ్ ఏడ్చాడు, దాన్‌యున్ వాణ్ణి తిడుతూ తనూ ఏడ్చింది. రైలు కదిలాక ఓరిన్ కిటికీలోంచి షీటాన్ మాటలో ఏదో అరిచాడు. పక్కనున్న ప్రయాణికుడు ఉలిక్కిపడ్డాడు. ఇంటికి చేరగానే మళ్లీ ఆవులు కొంటాడట, రెండే అయినా సరే అన్నాడు. వాళ్లమ్మకు చెప్పు, మా గోడల చలికి పిల్లాడు తట్టుకున్నాడని.

ఇవాళ ఆఫీసు తాళంచెవి అప్పగించాను. నా చోట్లోకి వచ్చిన కుర్రాడు చాలా చురుకు. డ్యూటీ లేని స్నేహితుల డ్యూటీ చార్టు అప్పుడే గోడకు అంటించాడు. నా ఫ్లాస్కు మాత్రం తెచ్చుకున్నాను.

రేపటి నుంచి నన్ను ఎవరూ ఏ పనికీ పంపరు. కాబట్టి నువ్వు రా. ఏ కాలేజీ తరఫునా రావద్దు, నీ డీన్‌కు చెప్పకు, లేకపోతే నిన్నూ లెక్కలో వేసుకుంటాడు. స్టేషన్‌కు నేనొక్కదాన్నే వస్తాను. మిరపకాయల పందిమాంసం నా పింఛనుతో వండుతాను, ఎక్కణ్ణుంచి వచ్చిందని ఈసారి అడగొచ్చు.

నీ పోయిన ఉత్తరం తిప్పి పంపుతున్నాను. ఎర్ర సిరా వెయ్యడానికి చోటు దొరకలేదు, ‘ఇల్లు’ మీద చుక్క కూడా ఉంది. దీపం ఇప్పటికీ ఆ పాతదే ఉంది. సాక్సులు ఆరేస్తే మాత్రం కిటికీలోంచి విసిరేస్తాను.

నీ అక్క
సూజెన్